అమ్మీ పాన్‌దాన్

బంజారాహిల్స్‌లో ఒక డిజైన్ గ్యాలరీలో బిద్రీ సామాను పెట్టారని విని అమ్మీని తీసుకెళ్లాను. మా నానీ పాన్‌దాన్ బిద్రీదే. అబ్బా ఆపరేషన్‌కి పైసలు లేక అమ్మేశాం. అలాంటిది మళ్లీ ఒక్కసారి చూడాలని అమ్మీ తమన్నా.

గేటు దగ్గరే వాచ్‌మన్ అడ్డమొచ్చాడు. “ఎవరు కావాలి?” మా ముందు లోపలికెళ్లిన జంటని ఏమీ అడగలేదు. అతని నజరంతా అమ్మీ బుర్ఖా మీదే.

లోపల సలాం లేదు, నమస్తే లేదు. అమ్మీ ఒక పాన్‌దాన్ ముందు ఆగి, వంగి చూసింది.

“ముట్టుకోవద్దు. చాలా ఖరీదు” అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. అమ్మీ చేతులు అప్పటికే వెనక్కి కట్టుకుని ఉన్నాయి.

“ఈ నలుపు పెయింట్ కాదు బేటీ” అంది అమ్మీ మెల్లగా. “బీదర్ ఖిలా మట్టి, నవాసాగరం కలిపి కాచిన నీళ్లలో ముంచితే వస్తుంది. జస్తా నల్లబడుతుంది, చాందీ మెరుస్తూనే ఉంటుంది.”

ఆ అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు. నాకు షరమ్ అనిపించింది. “ఛలో అమ్మీ, ఇక చాలు” అన్నాను.

ఆటోలో అమ్మీ ఖామోష్‌గా కూర్చుంది. చార్మినార్ దాటాక అంది: “వాళ్లు పరాయోళ్లు బేటా. నువ్వెందుకు నన్ను ఆపావు?”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.