షాన్ కొండల చుక్కల చేప

అక్వేరియం షాపులో, నాచు దట్టంగా పెంచిన ఒక చిన్న తొట్టి ముందు అలాగే నిలబడిపోయాను. లోపల రెండు సెంటీమీటర్ల చేపలు. ముదురు నీలి పట్టుచీర మీద జరీ బుట్టాలు నేసినట్టు ఒళ్లంతా లేత బంగారు చుక్కలు! వెన్ను మీది రెక్కలో, పొట్ట కింది రెక్కల్లో, తోకలో నల్ల గీతల మధ్య మండే ఎరుపు. మొప్పల పక్కన ఉండే రెక్కలకు మాత్రం ఏ రంగూ లేదు. ఇంత చిన్న ఒంటి మీద ఇంత పనితనమా!

"తమ్ముడూ, ఇదేం చేప?" అంటే, "గెలాక్సీ రాస్బోరా అన్నా" అన్నాడు షాపు కుర్రాడు.

రాస్బోరాలు నేను చూశాను. ఇది వాటిలా లేదు. ఫోన్లో ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి, ఆ రాత్రంతా పోల్చి చూస్తూ కూర్చున్నాను. మొదట దొరికిన దగ్గరి పోలిక ఎమరాల్డ్ డానియో. అంతే పొట్టిది, అంతే బొద్దుగా ఉంటుంది. కానీ దాని ఒంటి మీద చుక్కలుండవు, నిలువు చారలుంటాయి. నా ఫోటోల్లో ఒక్క చార కూడా లేదు. తొట్టిలో కాస్త వెలిసిన ఆకుపచ్చ రంగులో, రెక్కల్లో ఎరుపు పలచబడి కొన్ని చేపలు కనిపించాయి కదా, అవి వేరే రకమేమో అనుకున్నాను. కాదు, అవి ఆడవి! అలా ఒక్కొక్క గుర్తూ సరిపోతూ వచ్చి చివరికి పేరు తేలింది: డానియో మార్గరిటాటస్. ఇంగ్లిషులో సెలెస్టియల్ పెర్ల్ డానియో అంటారు.

అసలు ఆశ్చర్యం అక్కడ మొదలైంది. 2006 దాకా ఈ చేప ఒకటుందని శాస్త్రానికి తెలియదు! ఏ సముద్రపు లోతుల్లోనో దాక్కున్నది కాదు. మయన్మార్‌లోని షాన్ రాష్ట్రంలో, హోపోంగ్ ఊరి దగ్గర, సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన, నీటి మొక్కలు కమ్ముకున్న మోకాలి లోతైనా లేని కుంటల్లో ఉంది. అక్కడికి ఎంతో దూరం లేని ఇన్లే సరస్సు చేపల మీద నెల్సన్ అనండేల్ 1918లోనే రాశాడు. భారత జంతు సర్వేక్షణ సంస్థకు మొదటి డైరెక్టర్ ఆయన. ఎమరాల్డ్ డానియోకు శాస్త్రీయంగా పేరు పెట్టింది కూడా ఆయనే, ఆ ఏడాదే. దాని చుట్టం మాత్రం పక్క కుంటల్లోనే ఉండి మరో 88 ఏళ్లు ఎవరి జాబితాలోకీ ఎక్కలేదు.

2007లో టైసన్ రాబర్ట్స్ దీన్ని వర్ణించి, దీనికోసమే సెలెస్టిక్తిస్ అని కొత్త ప్రజాతిని పెట్టాడు. మరుసటి ఏడాదే కాన్వే, చెన్, మేడెన్ అనే ముగ్గురు దీని ఎముకల నిర్మాణాన్నీ జన్యువులనూ పరిశీలించి, ఇది అచ్చమైన డానియోనే అని తేల్చారు. అంటే మన దగ్గర ఏ షాపులోనైనా దొరికే చారల జీబ్రా చేప ప్రజాతే దీనిదీ! ఆ మాట చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా చేపదీ, ఈ చుక్కల దానిదీ ఒకే వంశం. జీబ్రా చేప చారలను వేసేవి ప్రధానంగా మూడు రకాల రంగు కణాలు: నల్లవి, పసుపువి, వెలుగును తిప్పికొట్టి మెరిసేవి. చర్మంలో అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ, పిలుచుకుంటూ సర్దుకుంటే చారలు ఏర్పడతాయి. ఒకే ప్రజాతిలో ఒకచోట అడ్డచారలు, ఒకచోట నిలువు చారలు, ఇక్కడేమో చుక్కలు ఎలా వచ్చాయన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ శ్రద్ధగా తవ్వుతున్న ప్రశ్న.

ఈ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. బయటపడిన కొన్ని నెలలకే అక్వేరియం వ్యాపారం కోసం ఆ కుంటల్లోంచి విపరీతంగా పట్టేశారు, ఉంటుందా పోతుందా అన్న ఆందోళన రేగింది. తర్వాత ఇంకొన్ని చోట్లా ఉందని తెలిసింది. అదృష్టం కొద్దీ ఇది తొట్టెల్లో సులువుగానే గుడ్లు పెడుతుంది. నాచులో విదిల్చిన గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పిల్లలవుతాయి. కాబట్టి కొనేవాళ్లు తొట్టెల్లో పుట్టినవేనా అని అడిగి మరీ కొనండి. కొండ చేప కదా, మన వేసవి వేడికి తట్టుకోలేదు, నీళ్లు చల్లగా ఉంచాలి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పిల్లలకు పుట్టగానే ఈ చుక్కలుండవు. వారాల తరబడి మచ్చమచ్చగా, ఏ చేపో తెలియకుండా తిరుగుతాయి. పెద్దయ్యే కొద్దీ ఒక్కొక్క చుక్కే విడివడి తేలుతుందట. నాకిప్పుడు అది కళ్లారా చూడాలనుంది. తొట్టి కడిగి నీళ్లు నింపాను, నాచు కూడా తెచ్చి పెట్టాను!