పండగ పెట్టుపోతలు

సంక్రాంతి దగ్గరపడితే మా భోగాపురం వైపు ఏ ఇంట చూసినా ఒకటే లెక్క. అల్లుడికేం పెట్టాలి, ఆడపడుచుకేం పెట్టాలి, పిల్లలకేం కొనాలి? ఎంతలో కొనాలో అందరం ఆలోచిస్తాం. ఆ డబ్బు చివరికి ఎవరి చేతికి చేరుతుందో మాత్రం అడగం.

విశాఖ మాల్‌లో ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్న చొక్కా చూస్తే నాకు అనుమానమే. ఆ రెండోదాన్ని కుట్టిన కూలి ఎవరు భరించినట్టు?

పొందూరు ఖద్దరు పంచె ధర వింటే మాత్రం ‘అమ్మో!’ అంటాం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేత్తో గింజ తీసి, రాట్నం మీద 100 నంబరు సన్ననూలు వడికితే గానీ ఆ పంచె మగ్గమెక్కదు. ఆ వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. నిజానికి దాని ధర ఎక్కువ కాదు, మనకు అలవాటైన ధరలే మరీ తక్కువ.

పసిపిల్లలకైతే ఏటికొప్పాక బొమ్మలున్నాయి. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

అయితే పేరొక్కటే చూసి కొంటే చాలదు. పొందూరు పేరుతో మరమగ్గం గుడ్డ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే వడికేవాళ్ల, నేసేవాళ్ల సంఘం దుకాణానికే వెళ్లడం మేలు. అల్లుడికి ఖద్దరు నచ్చకపోతే బలవంతమూ వద్దు, మన ఆదర్శం అతని బీరువాలో మూలుగుతుంది.

మాల్‌లో చీటీ మీది ధర మారుమాట లేకుండా చెల్లిస్తాం. బొమ్మలు చేసినవాడి ముందు నిలబడి పది రూపాయలు తగ్గించమంటాం. మార్చుకోవాల్సింది ముందు ఈ అలవాటే.