జొన్న రొట్టె దొరికే చోటు

కొత్త ఊళ్లో ఆకలైతే మేము పెద్ద బోర్డున్న హోటలు వెతకం. హమాలీలు, ఆటోవాళ్లు, సంతకొచ్చిన ఆడవాళ్లు ఎక్కడ కూర్చుని తింటున్నారో చూస్తాం. రోజూ వచ్చేవాళ్లకు పాచి కూర పెట్టి ఏ హోటలూ నిలబడదు. ధర కూడా మనకు అందేలా ఉంటుంది. అన్నిటికీ మించి, ఆ ఊరు నిజంగా ఏం తింటుందో అక్కడే తెలుస్తుంది.

ఒక పుష్య అమావాస్యకు భద్రాచలం వైపు నుంచి మేము నలుగురం కోయ పంతుళ్లం కేస్లాపూర్ నాగోబా జాతర చూడటానికి వెళ్లాం. మెస్రం వంశపు గోండులు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి తెచ్చిన గోదావరి నీళ్లతో అక్కడ పూజ చేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఉట్నూరు దారిలో, రేకుల కప్పు కింద ఒక చిన్న హోటలు కనబడింది. బోర్డు లేదు. రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి, అంతే.

పొయ్యి దగ్గర గోండు అక్క ఒకామె జొన్న రొట్టెలు చేస్తోంది. గోధుమపిండికి ఉన్న సాగుడు జొన్నపిండికి ఉండదు. వేడినీళ్లు పోసి అరచేత్తో బాగా మర్దించకపోతే అంచులు చీలిపోతాయి. ఆమె రొట్టెను చేత్తోనే తట్టి, పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసి తిప్పింది. చివరికి నిప్పుల మీద పెడితే పూరీలా పొంగింది. కందిపప్పు, వంకాయ కూర, మిరపకాయ తొక్కు, ఉల్లిపాయ ముక్కలు పెట్టింది.

మాకు నీళ్లు ఇమ్మని కూతురికి గోండిలో చెప్పింది. అందులో 'ఏర్' అన్న మాట విని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా కోయలోనూ నీళ్లంటే ఏరే. అంత దూరం వెళ్లి మా ఇంటి మాట విన్నాం.

మా బల్ల మీదే ఒక లారీ డ్రైవరు, ఇద్దరు తలపాగాల పెద్దలు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక ఉద్యోగి తింటున్నారు. అందరికీ ఒకే రకం పళ్లాలు, ఒకే రకం గ్లాసులు. హోటలు బయట నిలబడి, వేరే గ్లాసులో టీ తాగిన రోజుల గురించి మా తాతలు చెప్పగా విన్నవాళ్లం మేము. అందుకే ఆ బల్ల మాకు చిన్న విషయంగా కనబడలేదు.

"అక్కా, జొన్నలు మీ చేనువేనా?" అని అడిగాం.

"ఎక్కడి జొన్నలు సార్? చేనంతా పత్తే. పిండి కొని తెస్తున్నా" అంది.

మా వైపూ అదే కథ. జొన్న గట్క, జావ తిన్న ఇళ్లలో ఇప్పుడు రేషన్ బియ్యం ఉడుకుతోంది. అన్నం చెడ్డదని మేము అనం, అది ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది. కానీ 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు పట్నాల్లో జొన్నల గొప్పతనం గురించి సభలు జరిగాయి. అదే సమయంలో మా తరగతిలో, పొద్దున ఏం తిన్నావని అడిగితే జావ తాగి వచ్చిన పిల్లవాడు తల వంచుకుని "అన్నం, పప్పు సార్" అన్నాడు.

ఆ అబద్ధం వాడికి ఎవరు నేర్పారు? ఒక్కరని చెప్పలేం. తిండి గురించిన పాఠంలో ఇడ్లీ, అన్నం, చపాతీ రాసి జావ రాయని ప్రతి నల్లబల్లకూ అందులో వాటా ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షలకో ఉద్యోగాలకో ఊళ్లు తిరుగుతారు కదా. మనవాళ్లు తినే చోటు వెతికి తినండి. వండినవాళ్లతో రెండు మాటలు మాట్లాడండి. మన తిండి అమ్మి బతుకుతున్న అక్కలకు ఆ నాలుగు రూపాయలు దక్కనివ్వండి. వీలైతే మీరే అలాంటి హోటలు పెట్టండి.

తోటి పంతుళ్లకు ఒకే మాట. ఈసారి తిండి పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద మొదట 'జావ' అని రాయండి. పక్కనే పిల్లల భాషలో దాని పేరు వాళ్లచేతే రాయించండి. ఆ తర్వాత, పొద్దున ఏం తిన్నారని అడగండి.