ఫ్లాపును పాతిపెట్టిన ఊరు

సినిమా ఫ్లాపయితే డబ్బాలు గోడౌనుకి పోతాయి. నిర్మాతగారు కొన్నాళ్ళు ఫోనెత్తరు. మనకు తెలిసింది అంతే కదా! అమెరికాలో ఒక వీడియో గేము ఫ్లాపయితే లారీలకెత్తి తీసుకెళ్ళి గొయ్యి తవ్వి పాతిపెట్టేశారు. ఆ గొయ్యి వున్న ఊరు చూసొచ్చానండీ. పేరు అలమగార్డో, న్యూమెక్సికో రాష్ట్రం.

ఎల్‌పాసోలో మా పెద్దమ్మగారి అబ్బాయి వుంటాడు. "ఇంతదూరం వచ్చి హాలీవుడ్ మానేసి చెత్తకుప్ప చూస్తానంటావేమిట్రా?" అన్నాడు.

"చెత్తకుప్పే అన్నయ్యా! కాని స్పీల్‌బెర్గ్ సినిమా పేరున్న చెత్తకుప్ప" అన్నాను.

వదిన పులిహోర కట్టిచ్చింది. బయల్దేరాం. 140 కిలోమీటర్ల దారి. ఎటు చూసినా ఎండిన పొదలు, దూరంగా కొండలు. పొద్దు పోవాలిగా, అన్నయ్య ఒక పాడ్‌కాస్ట్ పెట్టాడు. పాత గేములంటే ప్రాణం పెట్టే కుర్రాళ్ళు కూచుని చెప్పుకునే కబుర్లు. మొదటాట వదిలాక హాలు బయట టీకొట్టు దగ్గర మనవాళ్ళు చేసే హడావుడి లేదూ? అచ్చం అదే! ఒకడి మాట పూర్తికాకుండానే ఇంకొకడు అందుకుంటాడు. కాని అతిథి నోరు విప్పేసరికి అందరూ గప్‌చుప్. ఆ రోజు అతిథి హోవర్డ్ స్కాట్ వార్షా. మేం చూడబోయే గొయ్యికి కారకుడని లోకమంతా వేలెత్తి చూపిన మనిషి.

1982 జూన్‌లో "ఈ.టి." చిత్రం వచ్చి ప్రపంచాన్ని ఏడిపించి నవ్వించింది. ఆ పేరుతో గేము చెయ్యటానికి అటారీ కంపెనీ హక్కులు కొంది. రెండు కోట్ల డాలర్ల పైమాటేనని అప్పట్లో చెప్పుకున్నారు. క్రిస్మస్‌కి సరుకు అంగట్లో వుండాలి. మామూలుగా నెలల తరబడి పట్టే పని. వార్షాకి దొరికింది అయిదు వారాలు! ఒక్కడే కూచుని రాసేశాడు. స్పీల్‌బెర్గ్ చూసి సరేనన్నాడు కూడా. మొదట్లో పది లక్షలకు పైగా అమ్ముడయింది. కాని ఆడేవాళ్ళకు చిరాకెత్తింది. అడుగు తీసి అడుగు వేస్తే పాపం ఈ.టి. గోతిలో పడుతుంది. వచ్చిన సరుకు వచ్చినట్టే వాపసు. 1983లో అటారీకి 50 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ సెప్టెంబరులో మా ఎల్‌పాసో నుంచే లారీలు కదిలాయి, మేం వెడుతున్న ఊరికే!

వార్షా ఇదంతా నవ్వుతూ చెబుతున్నాడు. ఒక్కరి మీదా నెపం వెయ్యలేదు. కుర్రాళ్ళు కూడా ఎగతాళి చెయ్యలేదు. "ఆ అయిదు వారాలూ ఎలా గడిచాయి?" అన్న ధోరణిలో ఒక్కొక్కటే అడుగుతున్నారు. అన్నయ్య తెలియకుండానే కారు నెమ్మది చేశాడు.

ఊరు చేరాం. నిజం చెప్పొద్దూ, గొయ్యి వున్నచోట చూడ్డానికేమీ లేదు. మట్టి, పొదలు, గాలి. 2014 ఏప్రిల్ 26న అక్కడ తవ్వారు. దుమ్ముగాలిలో జనం తిరనాళ్ళలా నిలబడ్డారు. వార్షా కూడా వచ్చాడు. తీసిన కార్ట్రిడ్జ్‌లు సుమారు 1,300. తమాషా ఏమిటంటే, వాటిలో ఈ.టి. కొద్ది భాగమే. "సెంటిపీడ్" లాంటి హిట్ గేములు కూడా అదే గోతిలో పడున్నాయి! అంటే కంపెనీ సరుకంతా పోసి పూడ్చారన్నమాట. నింద మాత్రం ముప్ఫయ్యేళ్ళు ఒక్కడిది.

సాయంత్రం పక్కనే వున్న వైట్‌శాండ్స్‌కి వెళ్ళాం. పంచదార పోసినట్టు తెల్లటి జిప్సం దిబ్బలు. ఎండలో కూడా ఆ ఇసుక కాలదు. చెప్పులు విప్పి నడుస్తున్నాను. అన్నయ్య, "ఏమిట్రా, మాటా పలుకూ లేవు?" అన్నాడు.

చెప్పాను. కొన్నేళ్ళ క్రితం ఒక కొత్త దర్శకుడి మొదటి చిత్రానికి సమీక్ష రాశాను. "ఈ చిత్రాన్ని రీళ్ళతో సహా పాతిపెట్టాలి" అని ముగించాను. నలుగురూ నవ్వారు. నేనూ మురిసిపోయాను. సగంలో డబ్బు అయిపోతే పద్దెనిమిది రోజుల్లో చుట్టేశారని తరవాతెప్పుడో తెలిసింది. ఒక్క ఫోను చేసి అడిగి వుంటే అప్పుడే తెలిసేది. ఆయన మళ్ళీ మెగాఫోన్ పట్టలేదు.

చిత్రం బాగుందని ఇప్పుడూ అనను. ఈ.టి. గేము బాగుందని ఆ కుర్రాళ్ళూ అనలేదు. కాని మనిషిని పిలిచి కూచోబెట్టి అడిగారు. వార్షా ఇప్పుడు మనసు బాగోని వాళ్ళకు కౌన్సెలింగ్ చేస్తున్నాడట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

రాత్రి ఆ పాడ్‌కాస్ట్ కుర్రాళ్ళకు నాలుగు వాక్యాలు రాసి పంపాను. "బాబూ, మీ అతిథిని మీరు గౌరవంగా అడిగిన తీరుకి ఒక తెలుగు శ్రోత ధన్యవాదాలు" అని. ఇంటికొచ్చాక ఆ దర్శకుడి నంబరు సంపాదించాను. పేరు చెప్పగానే అవతల కాసేపు మాట లేదు.

"సార్, అప్పుడు అడగాల్సింది, ఇప్పుడడుగుతున్నాను. ఆ పద్దెనిమిది రోజులూ ఎలా గడిచాయి?" అన్నాను.

"ఫోన్లో తేలదు గానీ, ఆదివారం ఇంటికి రండి" అన్నారాయన.

వెడుతున్నానండీ.