నిందకు ముందు పరీక్ష

నేను యంత్రశాస్త్రము చదివినదానను గాను. మా తండ్రిగారియొద్ద ఇంటనే కావ్యములును, కొంత తర్కసంగ్రహమును చదువుకొని, ఒక బడిపంతులుగారి యిల్లాలినైన దానను. అట్టి నేను కదలని కారునుగూర్చి వ్రాయబూనుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. కాని యీ వ్యవహారమున నావలన నొక తప్పు జరిగినది. దానిని చెప్పుకొనిన నా మనసునకు శాంతియు, మీలో కొందరికి ప్రయోజనమును గలుగునని వ్రాయుచున్నాను.

మా కాపురము హైదరాబాదులోని కొండాపూరున. 1998లో మాదాపూరునందు సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఈ ప్రాంతమున రాతిగుట్టలుండిన చోట్ల గాజుమేడలు లేచినవి. ఆ మేడలలో కొలువు చేయువారికి కారు సామాన్యమే గాని, మాబోటి పంతుళ్ల యిండ్లకు భారమే. అయినను మూడేండ్ల క్రిందట అప్పుచేసి యొక పాతకారు కొంటిమి. మా అత్తగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటల చొప్పున, గచ్చిబౌలిలో డయాలిసిస్ చేయించవలెను. ఉదయము ఆరు గంటలకు మాకు కేటాయించిన మంచము మీద ఆలస్యమైనంత కాలము తరుగును. మా తరువాతివారు కాచుకొని యుందురు గదా!

గడచిన యాషాఢములో నొక తెల్లవారుజామున కుండపోతగా వాన కురియుచుండెను. అత్తగారిని కూర్చుండబెట్టి మావారు తాళపుచెవి త్రిప్పగా ‘టక్కు’మని యొక శబ్దమైనది, అంతే. అద్దెకారు పిలిచితిమి గాని యా వానలో నెవ్వరును రాలేదు. మా పిల్లవాడు పదేండ్లవాడు. ముందునాటి సాయంకాలము కారులో కూర్చుండి లోపలి దీపము వేసికొని కథలపుస్తకము చదివినట్లు నాకు జ్ఞప్తికి వచ్చినది. వెంటనే, “నీవే దీపము ఆర్పక వచ్చితివి. నాయనమ్మకేమైన నైనచో నీదే పాపము” అంటిని. వాడు, “ఆర్పినానమ్మా!” అని రెండుమారులు చెప్పెను. నేను వినలేదు. పొరుగువారు దయతలచి తమ బండిలో తీసికొనిపోవునప్పటికి గంటన్నర జాగైనది. ఆ రాత్రి అత్తగారి పాదములు వాచి, ఊపిరి బరువెక్కినది. అది చూచి పిల్లవాడు గోడవైపు తిరిగి పరుండెను.

మెకానిక్కు వచ్చి బ్యాటరీ చెడినదని క్రొత్తది వేసెను. ఐదువేలకు పైగా నైనది. కారు కదలినది. నా నింద నిజమేయని తలచితిని. నాటినుండి పిల్లవాడు కారు దాపునకే పోకుండెను. ఎక్కవలసి వచ్చినను చేతులు ఒడిలో ముడిచికొని కూర్చుండును.

మూడు వారములు గడచిన పిమ్మట మరల నదే ‘టక్కు’. ఈ మారు పిల్లవాడు మేనమామగారి యింట నాలుగు దినములుగా నుండెను! మెకానిక్కు చూచి, “ఆల్టర్నేటరు పోయిందమ్మా, మార్చాలి” అనెను. దాని వెల వినగా మావారి నెలజీతములో మూడవవంతు కనబడినది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఏది యున్న కార్యముండునో, ఏది లేకున్న కార్యము లేకుండునో దానినే కారణమందురని తార్కికులు చెప్పిన మాట చిన్ననాడు వల్లించితిని. పిల్లవాడు లేకున్నను కారు నిలిచినది. మరి నేను వానిపై వేసిన నేర మెక్కడ నిలుచును? పొగను జూచి నిప్పు నూహింపవచ్చును గాని, మంచును జూచి పొగయని భ్రమించిన నా యూహ యేమగును?

మరునాడు మావారి బడిలో భౌతికశాస్త్రము చెప్పు పంతులుగారి నడిగి మల్టీమీటరు తెప్పించితిని. ఆయన చెప్పిన విషయము లివి. కారు మొరాయించినప్పుడు మొదట చెవియొగ్గి వినవలెను. ‘టకటకటక’ యని వరుసగా కొట్టుకొని దీపములు మసకబారిన, బ్యాటరీ బలము తగ్గినదో, దాని కొసలు వదులైనవో. దీపములు వెలుగుచు ఒక్క ‘టక్కు’ మాత్రము వినబడిన, స్టార్టరునందో దానికి బోవు త్రోవయందో లోపము. ఏ శబ్దమును లేకున్న ఫ్యూజు, తాళము, క్లచ్చి స్విచ్చి మొదలగునవి చూడవలెను. ఇంజను గిరగిర తిరిగియు అందుకొనకున్న, పెట్రోలో నిప్పురవ్వయో అందుట లేదు. నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచుచుండగా 14కు అటునిటుగా చూపవలెను.

మా బ్యాటరీ 12.4 చూపినది, చాలినంత బలమే. తాళము త్రిప్పినపుడు దీపములు మసకబారలేదు. ఇక మిగిలినది త్రోవ. విద్యుత్తు వెళ్లుటయే చాలదు, మరలి రావలెను గదా! ఇంజను ఇనుమునుండి కారు దేహమునకు జడవలె అల్లిన తీగ యొకటి యుండును. విద్యుత్తు దానిగుండ బ్యాటరీని మరల చేరును. పంతులుగారు చెప్పినట్లు మీటరు కొస నొకదానిని బ్యాటరీ ఋణపు కొసపైనను, రెండవదానిని ఇంజను ఇనుముపైనను ఉంచి, మావారిని తాళము త్రిప్పుమంటిని. అర వోల్టును మించరాదట. మూడు దాటినది! స్టార్టరు నూటయేబది ఆంపియర్లు లాగునప్పుడు ఓములో ఏబదవ వంతు అడ్డున్నను మూడు వోల్టులు అచ్చటనే హరించునని మావారు లెక్కకట్టి చూపిరి. కొద్ది విద్యుత్తుతో వెలుగు దీపములకు ఆ యడ్డు తెలియదు.

పొరుగువారి మందపు నల్లతీగ నడిగి, బ్యాటరీ ఋణపు కొసకును ఇంజనుకును కలిపితిమి. కారు తక్షణమే అందుకొనినది, మీటరు 14.2 చూపినది. ఇంజను ఆపి, తీగ తీసి చూడగా మరల ‘టక్కు’. అన్వయ వ్యతిరేకములు రెండును కుదిరినవి. ఆల్టర్నేటరు నిర్దోషి, బహుశః పాత బ్యాటరీయు నిర్దోషియే. మెకానిక్కు వచ్చి యా జడను విప్పగా, సగము పోగులు తెగి, మరమేకు తుప్పుపట్టి యుండెను. “నాకీ మాట తోచలేదమ్మా” అని యాతడు నిజము పలికెను. ఇనుమును గరుకు కాగితముతో రుద్ది క్రొత్త జడ వేయుటకు కొన్నివందల రూపాయలే యైనవి.

1888లో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త నిర్మించిన మోటారుబండిని ఆయనతో చెప్పకయే తీసికొని, ఇద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్ట్‌స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా పోయినదట. త్రోవలో విద్యుత్తీగపై తొడుగు అరిగిపోగా మేజోడు పట్టీ చుట్టి బాగుచేసికొనెనట. కావున మనకిది చేతగాని పని యనుకొనవలదు. కాని జాగ్రత్త వలయును. గాజులు, గొలుసు ముందుగా తీసివేయుడు; బంగారము రెండు కొసలను తాకిన క్షణములో కాగి చేతిని కాల్చును. పైటచెరగు బిగించి, తిరుగు పట్టీలకు దూరముగా నుండుడు. గేరు తీసి, చేతిబ్రేకు వేయించుడు. బ్యాటరీ దాపున నిప్పు కూడదు. అందుండి మండు వాయువు వెడలును. బ్యాటరీ విప్పునప్పుడు ఋణపు తీగ మొదట, బిగించునప్పుడు తుదను. విద్యుత్తుతో నడచు కార్లలోని నారింజరంగు తీగలను మాత్రము ముట్టుకొనకుడు.

పిల్లవాడు మేనమామగారి యింటినుండి రాగానే వానిని కారు దగ్గరకు తీసికొనిపోయి యా తెగిన జడను చేతిలో పెట్టి, “నాయనా! నేరము దీనిది. నీవు దీప మార్పితివి. నీ మాట నమ్మక తప్పు చేసితిని” అంటిని. వాడు దానిని చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచి, “నాయనమ్మతో కూడ చెప్పెదవా?” అని యడిగెను. చెప్పితిని. ఆమె వానిని దగ్గరకు తీసికొని, “నీవు చేయలేదని నాకు ముందే తెలుసురా” అనెను. ఏ మీటరును లేకయే ఆమె కెరిగిన దానిని నేను మూడువారములు ఎరుగలేకపోతినిగదా యని తల వంచుకొంటిని.

ఆ తుప్పుపట్టిన జడ మా పోపులపెట్టె ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది. పాలు విరిగినను, గిన్నె పగిలినను, నా నోటికి పిల్లవాని పేరు వచ్చునప్పుడెల్ల ముందుగా దానివైపు చూచుచున్నాను.