సొట్ట ఖరీదు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, సాయంత్రం ఆరింటికి, ముందు కారు ఉన్నట్టుండి ఆగింది, వెనక కారు ఆగలేకపోయింది అనుకుందాం. పెద్ద చప్పుడేమీ కాదు, అప్పడం విరిగినంత. అయినా క్షణంలో ఇద్దరూ దిగుతారు, పదిమంది పోగవుతారు, నడిరోడ్డు మీద పంచాయితీ మొదలవుతుంది. ‘కళ్లు కనపడట్లేదా?’ అని ఒకరు. ‘అట్టా బ్రేకేస్తే ఎట్టాగండీ?’ అని ఇంకొకరు. ఎవరికి తోచిన తీర్పు వాళ్లు చెబుతుంటే వెనక బస్సు డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు.

చిత్రమేమిటంటే, కారు బాగు చేయించుకోవడానికి ఆ తీర్పుతో పెద్దగా పనిలేదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే, తప్పు తనదే అయినా, ఎవరి కారు ఖర్చు వాళ్ల కంపెనీ దగ్గరే తీసుకోవచ్చు. అవతలివాడి థర్డ్ పార్టీ పాలసీ నుంచి రాబట్టాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ గడప తొక్కాలి. ఒక బంపర్ కోసం అంత ఓపిక ఎవరికుంటుంది? చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాడికైతే సొంత కారుకు పైసా రాదు. ఆ సంగతి చాలామందికి గ్యారేజీలోనే తెలుస్తుంది. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం కథ వేరు. ముందు ఆసుపత్రి, పోలీసు. కారు సంగతి ఆ తర్వాతే.

అరిచే ఆ పది నిమిషాల్లో రెండు బండ్ల నంబర్లు, తగిలిన చోటు, రోడ్డు కనపడేలా నాలుగు ఫొటోలు తీసుకుంటే ఎక్కువ లాభం. కంపెనీకి చెప్పకుండా, సర్వే కాకుండా బానెట్ ఊడదీయించడమే అసలు పొరపాటు. బాగుచేత ఖర్చు 50,000 రూపాయలు దాటితే లైసెన్సున్న సర్వేయర్ చూడాల్సిందే. అంతకు తక్కువైతే చాలా కంపెనీలు ఫొటోలతోనో, ఫోన్ వీడియోతోనో సరిపెడతాయి.

ఇక ఎస్టిమేట్. బీమా లెక్కలో ప్లాస్టిక్‌ది ఒక ధర్మం, రేకుది ఒకటి, అద్దానిది మరొకటి. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీలైతే సగం ధర యజమాని నెత్తినే. అద్దానికి కోత లేదు. రేకుకు వయసును బట్టి కోత పెరుగుతుంది: ఆరునెలల్లోపు ఏమీ లేదు, నాలుగో ఏట 25 శాతం, పదేళ్లు దాటితే 50. ఇది 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ పట్టిక. 2007లో కంపెనీలకు ప్రీమియం ధరల స్వేచ్ఛ వచ్చినా ఈ పట్టిక పాలసీల్లోంచి కదల్లేదు. తమాషా ఏమిటంటే, అద్దంలా మెరిసే ఈకాలపు హెడ్‌లైటు కూడా ప్లాస్టిక్కే.

కారు వయసు మూడున్నరేళ్లు, ఇంజన్ 1,200 సీసీ అనుకుని లెక్క కడదాం. బంపర్ 6,000, హెడ్‌లైట్ 8,000, బానెట్ 10,000, పెయింటింగ్ 12,000, కూలి 4,000. మొత్తం 40,000. యజమాని వాటాగా బంపర్‌లో 3,000, హెడ్‌లైట్‌లో 4,000, బానెట్‌లో 2,500 పోతాయి. పెయింటింగ్‌లో పావు వంతును సరుకుగా లెక్కగట్టి అందులో సగం, అంటే 1,500. పైన తప్పనిసరి కోత 1,000. వెరసి 12,000. జీరో డిప్రిసియేషన్, అదే షోరూమువాళ్లు బంపర్ టు బంపర్ అనేది, ఉంటే ఆ వెయ్యితో బయటపడవచ్చు.

అసలు ఖర్చు ఈ బిల్లులో కనపడదు. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నా. మన కారుకు ఇప్పుడున్నది 35. సొంత నష్టం భాగం ప్రీమియం ఏటా 8,000 అనుకుంటే, మళ్లీ 50 దాకా ఎక్కేలోగా పోయే రాయితీ 9,600 రూపాయలు. నలభై వేల బిల్లుకైతే కంపెనీ ఇచ్చే 28,000 తీసుకోవడమే తెలివి. బంపర్ మార్చి రంగు వేయడానికి అయ్యేది 9,000 అయితే? కోతలన్నీ పోగా చేతికొచ్చేది 4,625. దానికోసం 9,600 వదులుకున్నట్టు. ఏజెంటు ఈ లెక్క ఎప్పుడూ చెప్పడు, అడిగితే నవ్వుతాడు.

అలాంటప్పుడు ఆటోనగర్ ఉండనే ఉంది. షోరూములో ‘మార్చాల్సిందే’ అన్న ఫెండర్‌ను అక్కడి టింకర్ వేళ్లతో తడిమి, ‘సాయంత్రానికి లేపేద్దాం సార్’ అంటాడు. లోపలి నుంచి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు, పైన లప్పం, గీరుడు, రంగు. మంచి చేతిలో పడితే ఎక్కడ తగిలిందో పోల్చుకోలేం. అయితే లప్పం మందంగా పూసేవాళ్లూ ఉన్నారు. రెండు వానాకాలాలకు అది పెచ్చులుగా లేస్తుంది.

క్యాష్‌లెస్ పని ముగిశాక షోరూములో ఒక కాగితం ముందుకు జరుపుతారు, పని తృప్తిగా ఉందని సంతకం చేయమని. లోపలి ట్యూబ్‌లైట్ల కింద రంగులన్నీ కలిసినట్టే ఉంటాయి. అనుభవమున్నవాళ్లు పెన్ను పక్కన పెట్టి, తాళం అడిగి, కారును బయట ఎండలో నిలబెట్టి బానెట్‌నూ ఫెండర్‌నూ మార్చి మార్చి చూస్తారు. కౌంటర్ దగ్గరి కుర్రాడు మొహం చిట్లిస్తాడు. చిట్లించనీ.