సున్నా అంటే మూడు మాటలు

పాల పద్దులో పది రూపాయలు ఎక్కువ పడితే మనం వెంటనే పట్టేస్తాం. పదివేలు పడితే మరీ సులువు, నవ్వుకుంటూ కొట్టేయిస్తాం. అదే ఒక తేదీ ఎదురుగా సున్నా ఉంటే? "ఆ రోజు పాలు పోయించుకోలేదు కాబోలు" అని ఊరుకుంటాం. సున్నాకి అంత మర్యాద ఉంది. దాన్ని ఎవరూ నిలదీయరు.

ఈ సంగతి నాకు తట్టింది మా అక్క కూతురి కంప్యూటరు పని వల్ల. ఆమధ్య మిర్చి కోతల రోజుల్లో చిలకలూరిపేట వచ్చి, మా ముందుగదిలోనే ఆఫీసు పెట్టుకుంది. వీధిలో మిర్చి టిక్కీల లారీ వెళ్ళినప్పుడల్లా ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే, తను మాత్రం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూచునేది.

ఇంటర్నెట్ పేజీలు చూపించే బ్రౌజరు ఉంటుంది కదండీ, దానికి విడిగా తగిలించే పనిముట్టుని ఎక్స్‌టెన్షన్ అంటారట. మిక్సీకి జ్యూసు జారు తగిలించుకున్నట్టే. పేజీ అడిగిన క్షణం నుంచి అది పూర్తిగా తెరుచుకునేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పేది ఒకటి ఈ పిల్ల తయారుచేస్తోంది. పేజీలు కట్టేవాళ్ళకి ఉపయోగం.

"పిన్నీ, ఓసారి ఇటు చూడు!" అని ఒకరోజు పిలిచింది. చూద్దును కదా, పేజీ రావడానికి పట్టిన సమయం మైనస్ లక్షా డెబ్బైవేల కోట్ల పైచిలుకు మిల్లీసెకన్లట!

"అంటే మనం అడక్కముందే వచ్చేసిందా?" అన్నాను.

"యాభై ఏళ్ళకి పైగా ముందే వచ్చేసింది" అని పకపకా నవ్వింది.

తర్వాత విడమరిచి చెప్పింది. యంత్రం కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుందట. మన గడియారంలో అది సరిగ్గా తెల్లవారుజాము అయిదున్నర, మనం పాలు పొయ్యిమీద పెట్టే వేళ. అప్పటినుంచి మొదలైన క్షణం ఎన్నోదో, ముగిసిన క్షణం ఎన్నోదో రాసుకుని, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తుంది. ఇక్కడ ఈ ఎక్స్‌టెన్షన్ కాస్త తొందరపడి, పేజీ ఇంకా చివరి పనిలో ఉండగానే లెక్క అడిగింది. ముగిసిన క్షణం రాయాల్సిన చోట అప్పటికి ఏమీ లేదు కనక యంత్రం సున్నా పెట్టి ఉంచింది. సున్నాలోంచి యాభై ఏళ్ళు తీసేస్తే మిగిలేది అప్పే కదా!

"అన్నం ఉడుకుతుండగా వచ్చి, ఎప్పుడు దించావని అడిగినట్టు" అన్నాను.

"అంతే పిన్నీ."

ఈ కొలతలకి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి 2012లో ఖాయమైందట. తర్వాత వచ్చిన కొత్త పద్ధతిలో 1970తో పనిలేదు, ఏ పేజీ లెక్క ఆ పేజీ మొదలైనప్పుడే మొదలవుతుంది. మా పిల్ల దానికి మార్చింది. మైనస్సులు మాయమై శుభ్రంగా సున్నా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. తను మాత్రం మొహం చిట్లించింది.

"ఇదింకా ప్రమాదం. ఇందాకటిది తప్పని చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. దీన్ని ఎవరనుమానిస్తారు?" అంది.

నిజమే. నాలుగు సెకన్లు, ఆరు సెకన్లు అని రెండు లెక్కలుంటే సగటు అయిదు. వాటి పక్కన రెండు దొంగ సున్నాలు చేరితే సగటు రెండున్నర. ఇవాళ గుంటూరు యార్డులో తేజ రకం క్వింటాలు ఎంత పలికిందో చూద్దామని పర్చూరు పొలం గట్టున ఫోను పట్టుకుని నిలబడ్డ రైతు "పేజీ రావడం లేదు బాబూ" అని మొత్తుకున్నాడనుకోండి. "మా లెక్కలో వేగంగానే వస్తోందండీ" అని జవాబొస్తుంది. సున్నా మర్యాదస్తురాలే, కాని ఎదుటివాడి నోరు నొక్కగలదు.

మందు చిన్నదే. పేజీ వచ్చిందన్న కబురు అందగానే కొలవకుండా, ఆ కబురు తాలూకు పని కూడా తీరేలా ఒక్క క్షణం ఆగి కొలవాలి. ఒక్క వరుస మార్చింది, అసలు లెక్క వచ్చేసింది.

అయినా లోపలి పట్టీలో బొమ్మల ఎదురుగా కొన్ని సున్నాలు మిగిలాయి. కొన్ని బొమ్మలు నిన్ననే తెచ్చి బ్రౌజరు దాచుకున్నవి. నిన్న రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో ఉంటే ఇవాళ రుబ్బే పని సున్నాయే కదా, ఇవి నిఖార్సయిన సున్నాలు. మరికొన్ని వేరేవాళ్ళ సర్వర్లలోంచి వచ్చేవి. వాళ్ళు ఒప్పుకుంటే తప్ప, మొత్తం ఎంతసేపో చెప్పి, లోపల ఏ పనికెంత పట్టిందన్నచోట బ్రౌజరు సున్నాలు పెడుతుంది. పక్కింటివాళ్ళ గుట్టు బయటపెట్టకూడదని! వాటి దగ్గర మా పిల్ల సున్నా తీసేసి గీత పెట్టింది.

అంటే సున్నా ఒకటే కాని మాటలు మూడు: లేదు, ఇంకా కాలేదు, చెప్పను.

ఆ సాయంత్రం మా వీధిలో ఉండే ఒకామె మిర్చికి ముచ్చికలు తీసే పనినుంచి వస్తూ, మంచినీళ్ళకని మా గుమ్మంలో కూచుంది. ఆ పనికి కూలీ కిలోల లెక్కన. ఎన్ని కిలోలు తీశావని మా పిల్ల అడిగితే గర్వంగా చెప్పింది. అరచేతులు మండుతున్నాయని నీళ్ళలో ముంచుకుంది. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టడం, వంట, పిల్లల కేరియర్లు, అత్తకి మందులు, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది.

"మరి అదంతా ఎవరు రాస్తారు?" అంది మా పిల్ల.

"అదేం పనమ్మా, ఇంటి పనేగా!" అందామె.

మా పిల్ల నావంక చూసింది. నేను తనవంక చూశాను.

ఇంటి పని మాత్రమే చేసేవాళ్ళు జనాభా లెక్కల్లో పని చెయ్యనివాళ్ళ కిందే జమ. రోజులో ఎవరి సమయం ఎలా గడుస్తోందని దేశమంతటా మొదటిసారి ప్రభుత్వం అడిగింది 2019లో. ఇంట్లోవాళ్ళకోసం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళకి అందులో రోజుకి 299 నిమిషాలు పోతున్నాయని తేలింది. చేసే మగవాళ్ళకి 97. మళ్ళీ 2024లో అడిగితే మనకి 289 అయింది. పది నిమిషాలు తగ్గాయి కదా అని సంతోషించబోయాను. మగవాళ్ళది 88 అయింది, వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి!

దాదాపు అయిదు గంటల పని ఇన్నాళ్ళూ సున్నాగా ఎలా చెల్లిపోయిందంటారా? ఇంటి పనికి "అయిపోయింది" అన్న కబురు ఏనాడూ రాదు. రాత్రి గిన్నెలు తోమేసరికి పొద్దున్న పప్పు నానబెట్టాలి. ముగిసిన క్షణం లేని పనికి యంత్రమైనా మనిషైనా పెట్టేది సున్నాయే.

అంచేత ఎవరైనా "ఇంట్లోనే ఉంటారుగా, మీకేం పని?" అంటే కోపం తెచ్చుకోకండి. "ఈ సున్నా ఏ రకం? లేదనా, ఇంకా కాలేదనా, చెప్పననా?" అని నిదానంగా అడగండి. జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో కూడా కాస్త లెక్కపెట్టండి.